ఓవరుకీ ఓవరుకీ మధ్య

ఆ రోజు నిర్జల ఏకాదశి. పలాస స్టేషన్లో విశాఖ బండి కోసం కూర్చున్నాను. మా భజన మండలి నియమం ప్రకారం పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదని పక్కనున్న ఉద్దానం మనిషికి కాస్త గొప్పగానే చెప్పాను. టీకొట్టు టీవీలో క్రికెట్ వస్తోంది. ఓవరు ముగిసినప్పుడల్లా ఒక ఆటగాడు కూల్‌డ్రింకు గటగటా తాగే ప్రకటన. అది రాగానే పక్కనున్నాయన తల తిప్పేసుకుంటున్నాడు.

"ఏం నాయనా, ఆట నచ్చలేదా?"

"ఆటకేటి పంతులుగారూ, బాగుంది. ఆ తాగుడే సూడనేను. కిడ్నీలు పోనాయి. రోజుకి రెండు గ్లాసులే తాగమన్నాడు డాక్టరు. రక్తం కడిగించుకోడానికే ఎల్తన్నాను. మీరు మళ్లీ ఎప్పుడు తాగుతారు?"

"రేపు ద్వాదశి పారణకి."

"అయితే నా వంతు కూడా తాగీయండి," అన్నాడు నవ్వుతూ.

మర్నాడు తీర్థం పుచ్చుకుని చెంబు ఎత్తాను. సగానికి మించి తాగలేకపోయాను.