తలుపులక్క రాసిన పేరు

ఈత కొలనులో పందొమ్మిదేళ్లు పనిచేసి, ఒక్కరోజూ మోకాలి లోతు దాటి నీళ్లలో దిగని మనిషి ఎవరైనా ఉంటే అది తలుపులక్కే. మొదట తడి నేల తుడిచే పనికి చేరింది. తర్వాత లాకర్ల తాళాలు చేతికొచ్చాయి, ఆ తర్వాత కొలను తాళాలన్నీ. "నీళ్లంటే భయమా అక్కా?" అని పిల్లలు ఏడిపిస్తే, "మీరు మునిగితే తియ్యడానికి ఒడ్డున ఒకరుండొద్దూ?" అనేది. ఈత రాని మనిషి ఎలా తీస్తుందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కాగితం ఏదైనా మొత్తం చదివే అలవాటు ఆవిడకు ఊరికే రాలేదు. ఒకసారి కార్యదర్శిగారు ఇచ్చిన కాగితం చదవకుండా గోడకు అంటించింది. అది ఈత తరగతుల పాత కాగితమని చూసుకోలేదు. మర్నాడు నలభైమంది పిల్లలు తువ్వాళ్లు భుజాన వేసుకుని వచ్చి, నీళ్లు తోడేసిన ఖాళీ గొయ్యి చూసి వెనక్కి వెళ్లారు. నెల రోజులు నవ్వులపాలైంది. అప్పటినుంచి చదవకుండా చీటీ కూడా అంటించదు. అందుకే పిల్లల రక్షణ నియమాలంటూ నాలుగు పేజీలు వచ్చినప్పుడు, ఆ భవనంలో వాటిని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది ఆవిడ ఒక్కతే. శిక్షకులు సంతకాలు మాత్రం చేశారు.

నియమాలు అర్థం కానివేమీ కావు. పెద్దవాళ్లెవరూ మూసిన గదిలో ఒక్క బిడ్డతో ఉండకూడదు. కారులో ఒంటరిగా ఎక్కించుకోకూడదు. బిడ్డకు ఫోన్లో ఏం పంపినా అది అమ్మానాన్నలకూ చేరాలి. తప్పినవాళ్లని చూసినవాళ్లు రిజిస్టరులో రాయాలి, కార్యదర్శిగారి విచారణ తేలేదాకా వాళ్లు పిల్లల దగ్గరికి రాకూడదు. తలుపులక్క ఆ సాయంత్రమే వడ్రంగి దగ్గరికి వెళ్లి ఏటవాలు చెక్కముక్కలు ఆరు కోయించుకొచ్చింది. మర్నాటి నుంచి ప్రతి గది తలుపు కిందా ఒక చెక్క. తలుపు మూయాలంటే ముందు వంగాలి, వంగితే ఆవిడ కూర్చునే కిటికీలోంచి కనపడుతుంది. తలుపులక్క అన్న పేరు అప్పుడే పడింది.

అందరికీ ఒళ్లు మండింది. అందరికన్నా ఎక్కువ బరువుల మాస్టారికి. పిల్లలకు కండబలం కోసం వ్యాయామం నేర్పే ఆయన. మాట తీపి, నవ్వు తీపి, తల్లిదండ్రుల మధ్య మంచి పేరు. "ఏసీ చల్లదనం పోతోందక్కా" అంటూ రెండుసార్లు చెక్క తీసేశాడు. రెండుసార్లూ ఆవిడ వెళ్లి మళ్లీ పెట్టింది. మూడోసారి తలుపు తోసేసరికి లోపల ఆయనా, పన్నెండేళ్ల పిల్లవాడూ ఉన్నారు. ఆ పిల్లవాడు కొలను మొత్తాన్నీ నవ్వించే అల్లరివాడు. ఆరోజు తల దించుకుని బయటికి నడిచాడు.

"ఈసారి రాస్తాను మాస్టారూ," అంది.

ఆయన నవ్వాడు. "రాయండక్కా. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా? రోజూ సాయంత్రం మీ తమ్ముడు ఆ ఆడపిల్లని కారులో ఎక్కించుకు పోతున్నాడు. అది మీ కిటికీలోంచి కనపడదా?"

కనపడుతూనే ఉంది, రెండు నెలలుగా. ఈత కోచ్ ఆవిడ సొంత తమ్ముడు. తల్లి పోయాక ఆవిడే ఎత్తుకుని పెంచింది. ఆవిడ నేల తుడుస్తుంటే ఈ కొలనులోనే ఈత నేర్చుకుని, ఈ కొలనుకే కోచ్ అయ్యాడు. ఆ అమ్మాయిని అందరూ చేప అనేవాళ్లు. తల్లి ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ దిగేసరికి ఆలస్యమవుతుంది. పాపం, పిల్ల బస్టాపులో ఒంటరిగా నిలబడుతుందని వీడు దింపి వస్తున్నాడు. మనవాడు, మంచివాడు అనుకుని ఊరుకుంది తలుపులక్క. తప్పు అక్కడే చేసింది. ఆ మాట విన్నాక గుండెలో ముల్లు దిగినట్టయింది. పోటీలు పది రోజుల్లో ఉన్నాయి. పేరు రాస్తే తమ్ముడు ఒడ్డుకు దూరం. రాయకపోతే తన నాలుగు పేజీలూ చిత్తు కాగితాలు.

రిజిస్టరు తెరిచి ముందు బరువుల మాస్టారి పేరు రాసింది. కింద తమ్ముడి పేరు రాసింది. ఒక్క అక్షరం కూడా చెడలేదు.

అరగంటలో తమ్ముడు వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నా మీదే రాశావా అక్కా? నన్ను అనుమానిస్తున్నావా?"

"అనుమానం లేదురా."

"మరెందుకు?"

"నువ్వు మంచివాడివని నాకు తెలుసు. పిల్లలకెలా తెలుస్తుంది? చెడ్డవాడు కూడా బస్టాపు దగ్గర కారాపి అదే మాట అంటాడు."

"ఎత్తుకుని పెంచిన చేత్తోనే రాశావు."

"ఆ చేత్తోనే," అంది. రిజిస్టరు మూసి అరలో పెట్టింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. సాయంత్రానికి వీధంతా అదే కబురు. సొంత తమ్ముణ్ణే పట్టించిందని కొందరు, నిప్పులేనిదే పొగ రాదని కొందరు. రెండోమాట విన్న రోజు ఆవిడ అన్నం ముట్టలేదు. తమ్ముడు మాత్రం రోజూ వచ్చేవాడు. లోపలికి కాదు, అద్దాల గోడ అవతల ఫుట్‌పాత్ మీదికి. స్టాప్‌వాచ్ పట్టుకుని అక్కడినుంచే చేప ఈదే సమయం చూసుకునేవాడు. కిటికీలో అక్కని మాత్రం చూసేవాడు కాదు. పోటీలకు చేప తల్లితో వెళ్లింది. వెంట్రుక వాసిలో పతకం పోయి నాలుగో స్థానంలో వచ్చింది. ఆ మర్నాడు తమ్ముడు ఫుట్‌పాత్ మీదికి కూడా రాలేదు.

విచారణ ముగిసింది. కార్యదర్శిగారు బడిలో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన టీచరమ్మ, అందరినీ విడివిడిగా అడిగారు. చేప, వాళ్లమ్మ చెప్పినదాంట్లో తమ్ముడి తప్పేమీ లేదు. ఇకమీద ఇద్దరు పిల్లలుంటేనే కారు ఎక్కించాలని హెచ్చరించి వదిలారు. బరువుల మాస్టారి సంగతీ అంతే. తలుపు మూసినందుకు హెచ్చరిక. అల్లరివాడు ఎన్నిసార్లు అడిగినా "ఏమీ లేదు మేడమ్" అన్నాడు. ఇద్దరూ సోమవారం నుంచి పనిలోకి రావచ్చన్నారు.

శనివారం అల్లరివాడు లాకరు తాళం తిరిగివ్వడానికి వచ్చాడు. ఇచ్చాక కదల్లేదు. జుట్టులోంచి నీళ్లు బల్ల మీద కారుతున్నాయి.

"అక్కా, కోచ్ సార్ నీ తమ్ముడా?"

"అవును."

"సొంత తమ్ముడా?"

"సొంత తమ్ముడే."

"అయినా పేరు రాశావా?"

"రాశాను."

వాడు తాళాల గుత్తి వైపు చూశాడు. "అయితే నేనొకటి చెప్తే, అది కూడా రాస్తావా?"

  తలుపులక్క తువ్వాలు వాడి భుజాల మీద కప్పి, తలుపు బార్లా తీసి ఉందో లేదో చూసి, రిజిస్టరు ముందుకు లాక్కుంది. "చెప్పు నాన్నా. నువ్వు చెప్పిందే రాస్తాను, నా మాట ఒక్కటీ కలపను. తర్వాత మీ అమ్మని, కార్యదర్శిగారిని పిలుద్దాం." ఎదురు ప్రశ్నలు వెయ్యలేదు. బిడ్డ నోరు విప్పితే గుచ్చి గుచ్చి అడగొద్దని నాలుగో పేజీలో ఉంది. వాడు చెప్పింది ఇక్కడ చెప్పనక్కర్లేదు. చదవాల్సినవాళ్లు చదివారు, పోలీసులతో సహా. సోమవారం బరువుల మాస్టారు రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో ఇద్దరు పిల్లలూ నోరు విప్పారని తర్వాత తెలిసింది.

తమ్ముడు వచ్చాడు. ఆ సోమవారమే ఈల మెడలో వేసుకుని, రెండు వారాల తర్వాత అక్క గది గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆ అల్లరివాడు ఆరేళ్లుగా నా దగ్గర ఈదుతున్నాడక్కా. నా దగ్గరికెందుకు రాలేదు?"

"నీ పేరు రాసేదాకా నా దగ్గరికీ రాలేదురా."

 అక్క ఫ్లాస్కులోంచి టీ పోసిస్తే నిలబడే తాగాడు. అవతల పిల్లలు ఒడ్డున వరసగా నిలబడి కోచ్ కోసం గోల చేస్తున్నారు. గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్తూ వెళ్తూ వంగి, తలుపు కింద జరిగిపోయిన చెక్కముక్కని సరిగ్గా లోపలికి నెట్టి వెళ్లాడు.