పక్క సీటు మాస్టారు

పరాయి దేశం రాకముందు మాస్టారు డ్రైవింగ్ స్కూలు నడిపేవారు. క్లచ్ ఎక్కడుందో తెలియనివాళ్ళని కూడా రోడ్డెక్కించిన మనిషి. ఇక్కడి మనవాళ్ళు కూడా మాస్టారూ అనే పిలుస్తారు, ఆయనా అంతే దర్జాగా పలుకుతారు. అలాంటి మనిషి ఇక్కడి లైసెన్సు పరీక్షలో తప్పారు. ఒకసారి కాదు, వెళ్ళినప్పుడల్లా. అద్దం చూస్తే చాలదట, తల తిప్పి మరీ చూడాలట. నాకే నేర్పుతారా అని చిందులు తొక్కి ఆ వైపు వెళ్ళడమే మానేశారు. ఇంట్లో మాత్రం, "నాకు పరీక్షేంటే? తీరికున్నప్పుడు వెళ్తాలే" అని కోతలు.

ఆయన దగ్గరే స్టీరింగ్ పట్టడం నేర్చుకున్న భార్య మొదటిసారికే పాసైంది. ఆవిడ నర్సు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చాలి, ఇంజెక్షన్లు చెయ్యాలి. కారు నడపకపోతే ఆ ఉద్యోగమే లేదు. కారు కూడా ఆఫీసువాళ్ళు ఇచ్చిందే, దాని ఇన్సూరెన్సులో డ్రైవరుగా ఉన్నదీ ఆవిడ ఒక్కతే. ఆవిడ నడుపుతుంటే మాస్టారు పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కేవారు. కానీ మనవాళ్ళెవరింటికైనా భోజనానికి వెళ్తే, ఆ వీధి మలుపులో ఆవిడ కారు ఆపి దిగేది, ఆయన స్టీరింగ్ ముందుకి మారేవారు. దాని గురించి ఇద్దరూ పల్లెత్తు మాట అనుకున్నది లేదు. పెళ్ళాం నడుపుతుంటే మాస్టారు పక్కన కూర్చున్నారంటే పరువేం కాను?

ఆ ఆదివారం అలా మారాకే గొడవ జరిగింది. స్నేహితుడి ఇంటి ముందు కారు వెనక్కి తీస్తూ, అవతల ఆగిన కారుని గుద్దేశారు. అందులోంచి దిగుతున్న ముసలాయన చెయ్యి తలుపు మధ్య పడి విరిగింది. మాస్టారు దిగి, పడ్డ సొట్ట వంక చూస్తూ నిలబడ్డారు. ముసలాయన్ని పట్టుకోడానికి పరిగెత్తింది ఆవిడే. స్నేహితుడు బయటికొచ్చి ఏమైందని అడిగితే, "నేనే చూసుకోలేదన్నయ్యా" అనేసింది.

ముసలాయన్ని ఆసుపత్రికి పంపించాక స్నేహితుడు నవ్వాడు. "ఏంటి మాస్టారూ, చెల్లెమ్మకి సరిగ్గా నేర్పలేదా?"

మాస్టారు కూడా నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఆయన మీద ఆయనకే అసహ్యం వేస్తుంది.

మర్నాడే భార్య ఆఫీసువాళ్ళు కారు తాళాలు తీసేసుకున్నారు. తప్పు ఆవిడదని తేలితే ఇక పనిలోకి రానక్కర్లేదన్నారు. వారమంతా మాస్టారు ఇంట్లో దొంగలా తిరిగారు. ఆవిడ అన్నం వడ్డిస్తే కంచం వంకే చూసి తిన్నారు.

ఇన్సూరెన్సు ఆఫీసుకి ఇద్దరూ వెళ్ళారు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారిన ఆఫీసరు ఒకావిడ బల్ల మీద రెండు బొమ్మ కార్లు పెట్టింది. ఎలా తగిలిందో చూపించమంది. మాస్టారి భార్య ఒక బొమ్మని తోసింది. ఆ వేళ ఆవిడ స్నేహితుడింటికని చేసిన పాయసం గిన్నె ఒళ్ళో ఒలక్కుండా పట్టుకుంటోంది, రోడ్డు చూసిందెక్కడ?

"ఇలా తగిలితే సొట్ట ఇటెలా పడుతుందమ్మా?" అంది ఆఫీసరు. "సరే, తప్పు మీదేనని రాసెయ్యనా?"

"రాసెయ్యండి."

ఆఫీసరు రాయడం మొదలుపెడుతుంటే, "ఆగండి, నడిపింది నేను" అన్నారు మాస్టారు.

"మీకు లైసెన్సుందా?"

"లేదండీ. పరీక్ష తప్పాను." పెళ్ళాం వైపు చూడకుండానే అన్నారు. "చాలాసార్లు తప్పాను."

ఇన్సూరెన్సు ఇక వర్తించదనీ, ముసలాయన వైద్యం ఖర్చు మీరే పెట్టుకోవాలనీ, పోలీసుల దగ్గరికీ వెళ్ళాలనీ ఆఫీసరు చెప్పింది. అన్నిటికీ తలూపారు. తప్పు భార్య మీద రాయనంటే ప్రాణం కుదుటపడింది.

"మరి మీరెందుకమ్మా అబద్ధం చెప్పారు?"

"నలుగురిలో ఆయన చిన్నబోతే చూడలేనండి."

బయటికొచ్చాక మెట్ల దగ్గర మాస్టారు ఆగిపోయారు. "పరీక్ష సంగతి నీ దగ్గర దాచానే. కోపమొచ్చిందా?"

"దాచడమేంటండీ? అప్లికేషన్లో నా ఫోన్ నంబరేగా ఇచ్చారు. తప్పారని ప్రతిసారీ నాకే మెసేజ్ వచ్చేది."

అంతా తెలిసీ ఆవిడ ప్రతి మలుపులోనూ దిగి సీటిచ్చింది. మాస్టారు సిగ్గుతో చితికిపోయి, ఆ మెట్ల మీదే కూలబడ్డారు.