ప, బ, మ పలకని నోటితో

ఆ రోజు పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తే నీళ్లు నోట్లో ఆగలేదు. ఎడమ మూల నుంచి కారిపోయి జాకెట్టంతా తడిసింది. నిద్రమత్తు అనుకున్నాను. రెండోసారీ అంతే అయింది. ముందురోజు నుంచే ఎడమ చెవి వెనక సన్నగా నొప్పి ఉండింది. హెల్మెట్ బిగుతైందేమోనని పట్టించుకోలేదు. స్కూటీ తీసి కోదాడ బయలుదేరాను.

నా పేరు సునీత. మాది సూర్యాపేట. టైలరింగ్ షాపులకు లైనింగ్ గుడ్డ, ఫాల్స్, హుక్కులు, దారాలు వేసి వస్తాను. ముందొక మూట, వెనకొక మూట పెట్టుకుని ఓ రోజు కోదాడ, ఓ రోజు మిర్యాలగూడ తిరగడమే నా బతుకుతెరువు. అట్లా తిరిగి తిరిగి రోడ్ల మీద కోపం పెరిగి, బండ్లు నడిపేవాళ్లం కలిసి పెట్టుకున్న సంఘంలో చేరాను. పాలవాళ్లు, మేస్త్రీలు, కొరియర్ వాళ్లు, టీచర్లు ఉన్నారు అందులో. అధ్యక్షుడు రాములు సార్, రిటైరైన డ్రిల్లు మాస్టారు. మాట్లాడేది మాత్రం నేను. సార్ మైకు పట్టుకుంటే మనిషి చక్రం కనిపెట్టిన కాలం నుంచి మొదలుపెడతారు.

మా గొడవ పెద్దదేమీ కాదు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల ముందు వడ్ల లారీలు సగం రోడ్డు ఆక్రమించి నిలబడతాయి. వాటిని తప్పించుకోవాలంటే ఎదురొచ్చే బస్సు ముందుకు పోవాలి. మా పాల మల్లయ్య కాలు విరిగింది అక్కడే. లారీలకు వేరే జాగా చూపించండి, స్పీడ్ బ్రేకర్లకు తెల్ల పెయింట్ వేయండి, హైవే పక్కన సర్వీస్ రోడ్డు పూర్తిచేయండి అని అడుగుతున్నాం. ఫైన్ వేసేటప్పుడు మేం గుర్తొస్తాం గానీ రోడ్డు వేసేటప్పుడు గుర్తురాము. చాలాకాలం తిప్పించుకున్నాక, ఆ వారమే రోడ్ల అధికారి మమ్మల్ని మీటింగుకు రమ్మన్నారు.

కోదాడ దారిలో ఎడమ కంట్లో దుమ్ము పడుతూనే ఉంది. లక్ష్మిగారి టైలరింగ్ షాపులో ఆమె భర్త కౌంటర్ దగ్గర కూర్చున్నాడు. సరుకు చూపిస్తుంటే ఆయన ఒకటే మెలికలు తిరిగిపోతున్నాడు. లక్ష్మిగారు కత్తెర కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"ఏంటండీ సునీతగారూ, మా ఆయనకి కన్ను కొడుతున్నారు?"

"నేనా? నేనెందుకు కొడ్త?" అన్నాను. అంటూ రెప్ప ఆర్పాను. కుడి కన్ను ఒక్కటే మూసుకుంది.

ఆమె నా గడ్డం పట్టుకుని చూసి, ట్రయల్ రూమ్ అద్దం ముందుకు తీసుకెళ్లింది. నవ్వడానికి ప్రయత్నించాను. కుడి సగం నవ్వింది. ఎడమ సగం ఎవరో పోయిన కబురు విన్నట్టు జారిపోయి ఉంది. మా నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు మూతి ఇట్లాగే అయింది.

మా ఆయన వెంకన్నకు వెల్డింగ్ షాపుంది. ఫోన్ చేస్తే బస్సులో వచ్చి, నా స్కూటీ మీదే నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. మా అత్తమ్మ చూడగానే తేల్చేసింది.

"గాలి సోకింది. పావురం నెత్తురు రాస్తే పోతది. పెన్‌పహాడ్ దిక్కు దొరుకుతయ్, పోయి తేపో" అని కొడుకును పంపింది.

వెంకన్న అటు పోయిన కొంతసేపటికి కబురు తెలిసి రాములు సార్ వచ్చారు. "పావురం సంగతి మల్ల సూద్దాం అమ్మా. పక్షవాతం అయితే ప్రతి గంటా విలువైందే. దవాఖానకు పోదాం నడువు" అని ఆటో పిలిపించారు. మేం ఆటో ఎక్కుతుండగానే వెంకన్న చేతిసంచితో వచ్చాడు. సంచి ఇంట్లో పెట్టే తీరిక లేక దాంతోనే ఎక్కాడు.

నరాల డాక్టరమ్మ నా పేరు రాసుకుంటుండగా బెంచీ మీది సంచి కదిలింది.

"అందులో ఏముంది?" అని అడిగిందామె.

"పావురం మేడం" అన్నాడు వెంకన్న. "మందుకు."

"ఎవరికి?"

"మా ఆమెకు."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "మరి నేనెందుకు?"

వెంకన్న బయటికి పోయి పావురాన్ని వదిలేసి ఖాళీ సంచితో వచ్చాకే ఆమె మళ్లీ పెన్ను తెరిచింది. చేతులు ఎత్తమంది, కాళ్లు చాపమంది. బీపీ, షుగర్ చూసింది. "నుదురు ముడవండి" అంది. కుడివైపే ముడతలు పడ్డాయి. "బుగ్గలు పూరించండి" అంది. గాలంతా ఎడమవైపు నుంచి తుస్సున పోయింది.

"భయపడకండి, స్ట్రోక్ కాదు. స్ట్రోక్‌లో మామూలుగా నుదురు కదులుతుంది. ఇది బెల్స్ పాల్సీ. ముఖాన్ని కదిలించే ఫేషియల్ నర్వ్ వాచింది. తొందరగా వచ్చారు, మంచిదైంది. స్టెరాయిడ్స్ ఇవాళే మొదలుపెడదాం. చాలామందికి తగ్గిపోతుంది, కానీ టైం పడుతుంది. ఈ కన్ను మూతపడదు కాబట్టి చుక్కలు వేయాలి, పడుకునేటప్పుడు టేపు పెట్టాలి. బండి నడపొద్దు."

రాములు సార్ గొంతు సవరించుకున్నారు. "మేడం, రోడ్డు ఖరాబుండుట్ల వచ్చిందని ఒక కాయితం రాసిస్తరా? మీటింగుల పనికొస్తది."

"రోడ్డు బాగోకపోతే నడుము పోతుందండీ, మూతి పోదు. దీనికి ఎక్కువసార్లు కారణం తెలియదు. వైరస్ కావచ్చు."

సార్ ముఖం నాకంటే ఎక్కువ వేలాడింది.

స్టెరాయిడ్స్‌తో షుగర్ పెరిగింది, దానికి ఇంకో మాత్ర వచ్చి చేరింది. అన్నం ఎడమ బుగ్గలో ఇరుక్కునేది, టీ స్ట్రాతో తాగేదాన్ని. అంతకంటే పెద్ద బాధ ఊళ్లోంచి వచ్చింది. హెల్మెట్ పెట్టుకుని నరం నొక్కుకుపోయినందుకే సునీత మూతి వంకరపోయిందని ఎవరో పుట్టించారు. ఇన్నాళ్లూ సంఘంలో హెల్మెట్ లేనివాళ్లను తిట్టింది నేనే. ఇప్పుడు మావాళ్లే హెల్మెట్లు బండి అద్దానికి తగిలించుకుని తిరుగుతున్నారు. అడిగితే "నీ లెక్క కావాల్నా అక్కా?" అన్నాడు కాలు విరిగిన మల్లయ్య. రాములు సార్ చివరికి డాక్టరమ్మను బతిమాలి మా సంఘం మీటింగుకు తీసుకొచ్చారు. "హెల్మెట్‌తో బెల్స్ పాల్సీ రాదు. హెల్మెట్ లేకపోతే వచ్చేవాటికి నా దగ్గర మందు లేదు" అని ఆమె రెండు ముక్కల్లో చెప్పి వెళ్లిపోయింది.

అధికారితో మీటింగు వాయిదా వేయమని అడగలేదు. వాయిదా పడితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. అయితే ఇంకో చిక్కొచ్చింది. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాలి, నావి కలవడం లేదు. మిర్యాలగూడ రాదు, సూర్యాపేట రాదు, పెన్‌పహాడ్ అసలే రాదు. స్పీడ్ బ్రేకర్ రాదు, పెయింట్ రాదు, బస్సు రాదు, మిల్లు రాదు. మా మూడు ఊళ్లలో కోదాడ ఒక్కటే నోటికి అందింది, కానీ గొడవ కోదాడలో లేదు. నా బదులు రాములు సార్ మాట్లాడతానన్నారు. మావాళ్లంతా ఒక్కసారిగా వద్దన్నారు.

ఇంట్లో కూర్చుని ఆ అక్షరాలు లేని మాటలు ఏరుకున్నాను. అధికారి గదిలో లేచి నిలబడి ఇంతే చెప్పాను.

"సార్, వడ్ల లారీలు దారికి అడ్డుగా నిలుస్తున్నయ్. వాటికి వేరే జాగా ఇవ్వండి. రోడ్డు గుట్టలకు తెల్ల రంగు వేయండి. రెండు చక్రాల వాళ్లకు దారి ఇవ్వండి."

అధికారి ఇంకా ఉందేమోనని ఎదురుచూశారు. నేను కుడి రెప్ప ఆర్పితే తప్పుగా అనుకుంటారేమోనని రెండు కళ్లూ తెరిచే ఆయన్ను చూస్తున్నాను. ఎడమ కంట్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

ఆయన కుర్చీలో కదిలారు. "అమ్మా, మీరు ఏడవకండి."

"ఏడుస్తలేను సార్. కన్ను ఊసుకోదు."

ఆయనకు అర్థం కాలేదు గానీ ఇంకా కదిలిపోయారు. "వచ్చి చూస్తానమ్మా, స్వయంగా వస్తాను" అన్నారు.

రాములు సార్ ఆ మాట జారిపోనివ్వలేదు. "కారుల వద్దు సార్. నా బండెనక కూసొని వచ్చి సూడుండ్రి."

ఆయన నిజంగానే వచ్చారు. మిర్యాలగూడలో మా హెల్మెట్ ఒకటి పెట్టుకుని రాములు సార్ వెనక ఎక్కారు. మొదటి లారీ దాటేలోపే ఎదురుగా బస్సు వచ్చింది. అధికారి డ్రిల్లు మాస్టారి నడుము రెండు చేతులతో చుట్టేశారు. పెయింట్ లేని స్పీడ్ బ్రేకర్ మీద ఇద్దరూ సీటు మీంచి లేచి మళ్లీ కూర్చున్నారు. చివర దిగి, నీళ్లు తాగి, కాసేపు మిల్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"రోజూ ఇట్లాగే వెళ్తారా మీరు?" అని అడిగారు.

"ఇయ్యాల జర ఖాళీగున్నది సార్" అన్నారు రాములు సార్.

ఆ సంబరంలో ఉన్న నాకు మర్నాడే శిక్ష పడింది. బండి నడపొద్దన్నా వినకుండా అధికారి వచ్చిన రోజు కంటికి టేపు వేసి, కళ్లద్దాలు పెట్టుకుని స్కూటీ నేనే నడిపాను. గాలికి టేపు ఎక్కడో ఊడిపోయింది. పొద్దుటికి ఎడమ కన్ను చింతనిప్పులా ఉంది. వెలుతురు చూడలేకపోయాను. కంటి డాక్టరు దగ్గరికి పోతే కార్నియా మీద గీత పడిందన్నాడు. ఇంకా ఆలస్యం చేసుంటే మచ్చపడి చూపు మసకబారేదట. నరాల డాక్టరమ్మ గట్టిగానే తిట్టింది.

"రోడ్డు మీద అందరి హక్కులూ అడుగుతారు. ఈ కన్ను ఏం పాపం చేసింది?"

తర్వాత చాలా రోజులు ఇంట్లోనే ఉన్నాను. మందులు అయిపోవచ్చాయి, ముఖం మాత్రం కదల్లేదు. పెళ్లిళ్లకు పోలేదు, అద్దం మీద తువ్వాలు కప్పాను. ఒకనాడు వెంకన్న కంటికి టేపు పెడుతుంటే, ఇట్లాగే ఉండిపోతే ఏం చేస్తావని అడిగాను.

"మూతి పోయినా నీ మాట ఆగలే. నా బండెనక కూసొని గేరు మార్చు, హారన్ కొట్టు అని చంపుతనే ఉన్నవ్. నాకు గదే పరేషాన్" అన్నాడు. టేపు అంచులు మాత్రం రెప్పకు నొప్పి తగలకుండా వేలితో మెల్లగా అద్దాడు. ఆ రోజు రెండు కళ్లూ తడిశాయి.

ఫిజియోథెరపీలో అద్దం ముందు కూర్చుని ఈల వేయాలి, బుగ్గలు ఉబ్బించాలి, ముక్కు చిట్లించాలి. అద్దం మీది తువ్వాలు అట్లా తీయక తప్పలేదు. ఒక మధ్యాహ్నం తింటూ "అత్తమ్మా, పప్పు" అన్నాను. ఆమె గరిటె గాల్లోనే ఆపింది.

"మల్ల అను."

"పప్పు."

"ఇంకోపారి అను బిడ్డా."

కంచంలో పప్పు పడేలోపు అన్నం చల్లారిపోయింది. నరం కోలుకుంటోందని డాక్టరమ్మ చెప్పింది. పావురాన్ని వదిలిపెట్టిన పుణ్యమని మా అత్తమ్మ ఇప్పటికీ అంటుంది.

ఇప్పుడు మిల్లుల ముందు స్పీడ్ బ్రేకర్లకు తెల్ల చారలున్నాయి. లారీలకు ఖాళీ మైదానం చూపించారు. వడ్ల సీజన్లో సగం అక్కడికి పోతాయి, సగం ఇంకా రోడ్డు మీదే ఉంటాయి. సర్వీస్ రోడ్డు ఫైలు కదలలేదు, దాని వెంట మేం తిరుగుతూనే ఉన్నాం. నేను మళ్లీ స్కూటీ మీద కోదాడ, మిర్యాలగూడ పోతున్నాను. ముఖం దాదాపు మామూలైంది. ఒక్క లోటు మిగిలింది. నరం మళ్లీ పెరిగేటప్పుడు దారి తప్పిందట, ఏదైనా తాగినా నమిలినా ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది. అందుకని ఆఫీసుల్లో ఎవరు టీ ఇచ్చినా వద్దంటాను.

చదివేవాళ్లకు ఒక్క మాట. ముఖం ఒక పక్కకు జారినట్టు అనిపిస్తే అదే పూట పెద్ద దవాఖానకు పోండి. పక్షవాతమో కాదో చెప్పాల్సింది డాక్టరు, ఇంట్లోవాళ్లు కాదు. బండి మాత్రం మీరు తీయొద్దు. ఆటో అయినా ఎక్కండి, తాళం ఇంకొకరికి ఇచ్చి వెనకైనా కూర్చోండి. జన్మంతా ముందు కూర్చుని నడిపినవాళ్లకు వెనక సీటు కష్టమని నాకు తెలుసు. నోరు మూసుకుని కూర్చోమని మాత్రం నేను చెప్పను.