బైపాస్ అయ్యాక నామినీ పేరు మార్చాను

నారాయణగూడ చౌరస్తా హోటల్లో చాయ్ తాగుతూ, మూసీలో మొసలి మీసం పీకిన కథ చెబుతున్నాను. మొసలికి మీసమేందని ఎవరూ అడగలేదు. నా కథలకు అలవాటు పడ్డవాళ్లు. అంతలో ఛాతీ మీద రోలు పెట్టినట్టయింది. ఎడమచెయ్యి బరువెక్కి, నోట మాట పడిపోయింది. కథ రక్తి కట్టించడానికి ఆగాననుకుని వాళ్లు బిస్కెట్లు నములుతూ కూర్చున్నారు. చొక్కా చెమటకు తడిసి ముద్దయ్యాక గానీ ఆటో పిలవలేదు.

ఈసీజీ తీశారు, కొన్నాళ్లకు యాంజియోగ్రామ్ చేశారు. "మూడు బ్లాకులున్నాయి. బైపాస్ తప్పదు. రక్తమిచ్చే మనుషుల్ని చూసుకోండి," అన్నాడు డాక్టరు. మా అన్నయ్య రక్తమిచ్చాడు. ఆస్పత్రి వరండాలో నేల మీదే పడుకున్నాడు. ఇందులో కల్పన లేదు.

ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికొచ్చాక, గుండెకు వేయడానికి కాలి నుంచి నరం తీసినచోట చీముపట్టింది. "ఇన్‌ఫెక్షన్" అని మళ్లీ చేర్చుకున్నారు. ఆ రెండోసారి మంచం మీద భయం పట్టుకుంది. నేను పోతే నా భార్య సులోచన, ఇద్దరు ఆడపిల్లలు ఏమైపోతారు? ఇల్లు కిరాయిది. ఉన్నది ఒక్క జీవిత బీమా పాలసీ, పెళ్లికి ముందు తీసుకున్నది. అందులో నామినీ అన్నయ్య. పెళ్లికానివాడు ఇంటిపెద్ద పేరు రాయడం మాలో మామూలే. పెళ్లయ్యాక దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు.

కాలు మానాక ఏజెంటును పిలిచి, సులోచనను నామినీగా పెట్టి నాకు ఇంకో పాలసీ రాయమన్నాను.

"గుండె కోసినంక కొత్త పాలసీ ఎవరిస్తరన్నా? జర ముందుగాల యాదికి రావద్దా?" అన్నాడు.

పాత పాలసీ సంగతి అడుగుదామని వెళితే, చిక్కడపల్లి వకీలు చెప్పిన ఫీజుకు నా కుట్లు ఊడినంత పనైంది. చివరికి అశోక్‌నగర్‌లో ఆదివారాలు ఉచితంగా సలహా చెప్పే ఒక లేడీ వకీలు దగ్గరికి సులోచనే లాక్కెళ్లింది.

"నామినీ డబ్బు అందుకునే మనిషే. హక్కు మీ భార్యాపిల్లలది," అన్నదామె. "కానీ ఆయన ఇవ్వనంటే ఈమె కోర్టుకెక్కాలె. ఎన్నేండ్లు తిరగాల్నో నేను చెప్పలేను. పేరు మార్చమని బీమా ఆఫీసుకు రాయండి. దానికి వకీలు కూడా అక్కర్లేదు."

మార్చాను. ఏజెంటు నోరు ఊరుకోలేదు. అన్నయ్య వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నా రక్తం పనికొచ్చింది గని, నా పేరు పనికిరాలేదారా?"

"గట్ల కాదన్నా, పిల్లలకు..."

"నేను మింగుతననుకున్నవు, గంతే గద? ఎవరు ఎక్కిచ్చిన్రు నీకు, ఈమేనా?"

సులోచన చాయ్ గ్లాసుతో వచ్చింది. "నేనే తీస్కపోయిన బావా. మీ పాలసీల అక్క పేరు లేదా?"

ఉంది, వదిన పేరే. మాకు తెలుసు. అన్నయ్య చాయ్ ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు రోజూ పొద్దున గాంధీనగర్ దాకా నడుస్తాను. మాత్రలు మానను. ఉప్పు తగ్గించాను, కథలు తగ్గించలేదు. ఎదురుపడితే అన్నయ్య రోడ్డు దాటి అవతలికి పోతాడు. ఆ డబ్బు పైసాతో సహా సులోచన చేతిలో పెట్టేవాడేనేమో. అది తేలాలంటే నేను చచ్చి చూడాలి. అంత ఓపిక నాకు లేదు.

ఒంట్లో బాగున్నప్పుడే పాలసీ తీసుకోండి. పెళ్లయిన వారంలోనే భార్య పేరు ఎక్కించండి. అప్పుడైతే అదొక మామూలు పని. ఆస్పత్రి నుంచి వచ్చాక చేస్తే, ఎంత మెత్తగా చెప్పినా సొంత మనిషిని దొంగ అన్నట్టే.