పాలికిచ్చిన గుర్రం

పెళ్ళిళ్ళలో నన్ను ముందు వరుసలో కూర్చోబెడతారు. మిలిటరీ నుంచి వచ్చినవాడని మర్యాద. ఆ వరుసకు ఫ్యాను గాలి రాదు, వీడియో లైటు మాత్రం నేరుగా కంట్లో పడుతుంది. మర్యాద అక్కడితో ఆగదు. పక్క కుర్చీలో పెద్దమనిషి వంగి, "యుద్ధం గురించి ఏమన్నా చెప్పప్పా" అంటాడు. నేను గుర్రం గురించి మొదలుపెడతాను. భోజనాలకు పిలవకముందే కొందరు లేచిపోతారు. అందుకే ఈసారి రాస్తున్నాను. లేచిపోయేవాళ్ళకు నన్ను చూసి మొహమాటపడే పని ఉండదు.

రెండువేల రెండు, అక్టోబరు. కుప్వారా పైన, పదివేల అడుగులు దాటిన ఎత్తులో మా పోస్టు. రోడ్డు అయిపోయిన చోటి నుంచి ఆరు గంటల నడక. వీపున ఇరవై కిలోల మూట, భుజాన రైఫిలు, ఎదురుగా గాలి. రాతిగోడల మీద రేకులు, రేకుల మీద మట్టి. అట్లాంటి బంకర్లు మూడు. లోపల కిరోసిన్ పొయ్యి. సాయంత్రం ఐదుకే చీకటి. అది నా ఆఖరి పోస్టింగు. మరుసటి ఆగస్టుకు సర్వీసు ముగుస్తుంది.

సూబేదారు నా కాగితాలు చూశాడు. ఆయన మాటలు, మిగతావాళ్ళవీ హిందీలో అన్నవే. తెలుగు చేసి రాస్తున్నాను.

"హవల్దార్, నువ్వు బి.ఏ. నా?"

"అవును సాబ్."

"సరే. ఎవరికీ చెప్పకు."

మంచు దారి మూసేలోగా పిండి, కిరోసిన్, బ్యాటరీలు పైకి చేరాలి. అవన్నీ మోసేది కంచరగాడిదలు. వాటిని నడిపించేవాణ్ణి సైన్యం లెక్కలో డ్రైవరు అంటారు. స్టీరింగు ఒక్కటే తక్కువ. మా డ్రైవరు గఢ్వాల్ మనిషి. మనుషులతో రోజుకు పది మాటలు, కంచరగాడిదలతో వెయ్యి. నాకొక గుర్రం ఉందని తెలిసిన రోజు తన పది మాటలూ నాకే ఖర్చు చేశాడు.

"ఎక్కడుంది?"

"ఇంకొకరికి ఇచ్చి వచ్చాను."

"అమ్మేశావా?"

"లేదు. పాలికి ఇచ్చాను."

ఇది వివరించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మా దిక్కు, కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దు పక్కన, ఆవునో గొర్రెనో మేపలేనివాడు మేపగలిగినవాళ్ళకు పాలికి ఇస్తాడు. పని వాళ్ళు చేయించుకుంటారు, మేత వాళ్ళే వేస్తారు. పుట్టిన తొలి పిల్ల వాళ్ళది, రెండోది మనది. తల్లి ఎప్పటికీ మనదే. కాగితం ఉండదు. గుర్రాన్ని పాలికి ఇచ్చినవాడు నాకు తెలిసి నేనొక్కడినే.

గుర్రం పేరు బెల్లమ్మ. రంగును బట్టి తాత పెట్టిన పేరు. ఆయన మా ఊరు మిట్టేమరికీ బాగేపల్లికీ జట్కా తోలేవాడు. ఆయన పోయాక మా అన్న కొట్టం పడగొట్టి లగేజీ ఆటో నిలబెట్టాలనుకున్నాడు. ఆ ఏడు మే నెల సెలవులో నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లో గుర్రాల బేరగాడు కాఫీ తాగుతున్నాడు. ఆ కాఫీ పూర్తవకముందే నేను బెల్లమ్మను విప్పుకొని బయటపడ్డాను. సర్వీసు అయిపోయాక నేనూ, బెల్లమ్మా, మిట్టేమరిలో ఇద్దరం ఏ పనీ చేయకుండా బతకాలని నా పథకం.

తీసుకెళ్ళింది జంగమకోటెకు, లక్ష్మమ్మత్త ఇంటికి. దూరపు వరస. రైతుల రేష్మె గూళ్ళు, అంటే పట్టుగూళ్ళు, శిడ్లఘట్ట మార్కెట్టుకు జట్కాలో చేర్చడం వాళ్ళ బతుకు. మామకు నడుం పడిపోయింది, అదే ఏడు వాళ్ళ గుర్రం చచ్చిపోయింది. బండి ఉంది, లాగేది లేదు, తోలేవాడు మంచంలో. అత్త బెల్లమ్మను చుట్టూ తిరిగి చూసింది. "లాగేకి ఇది ఉండాది, తోలేకి నేనుండా. నువ్వు పోయిరాప్పా" అంది. ఆడమనిషి జట్కా తోలడం ఆ ఊరు అప్పటిదాకా చూడలేదు. రెండు వారాలు చూసింది, తర్వాత అలవాటు పడింది.

పోస్టులో ఆదివారం పొద్దున శాటిలైట్ ఫోను ఇచ్చేవారు. మనిషికి రెండు నిమిషాలు. మిగతావాళ్ళు భార్యలకు చేసేవారు. నేను జంగమకోటె ఎస్టీడీ బూతుకు చేసేవాణ్ణి. అత్త అక్కడ కాచుకొని ఉండేది.

"బెల్లమ్మ ఎట్లుంది అత్తా?"

"బాగుండాది. నువ్వెట్లుండావని నేనడగాల, నేనెట్లుండానని నువ్వడగాల. ఇద్దరమూ గుర్రాన్నే అడుగుతాండాము."

ఆ రెండు నిమిషాల్లో నాకు చాలా తెలిసేది. శిడ్లఘట్టలో ఒక టీ అంగడి ముందర బెల్లమ్మ తనంతట తానే నిలబడుతుంది. బన్ను పెడితేగానీ కదలదు. పంద్రాగస్టుకు స్కూలువాళ్ళు అడిగి తీసుకుపోయారు. రాణి వేషం కట్టిన పిల్ల బెల్లమ్మ మీద కూర్చొని, చెప్పాల్సిన భాషణ మరచిపోయి, దిగనని ఏడ్చింది. అంతకు ముందు జూన్‌లో చింతామణిలో ఒక పెళ్ళికొడుకును మోసింది. కల్యాణమంటపం వెనక ఇంకో గుర్రంతో పాటు ఒక రాత్రి కట్టేశారు. ఈ చివరి సంగతి అత్త మామూలుగా చెప్పింది, నేనూ మామూలుగానే విన్నాను.

ఈ వార్తలు నేను బంకర్లో చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకు చెప్పకపోతే అడగడం మొదలుపెట్టారు. వంటవాడు రొట్టెలు కాలుస్తూ, "ఈ వారం బన్ను దొరికిందా?" అనేవాడు.

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం అత్త గొంతు వేరేగా ఉంది.

"పొద్దున్నుంచి మేత ముట్టలేదప్పా. తల తిప్పి తిప్పి పొట్ట చూసుకుంటాది. పండుకొని పొర్లాడతాది. డాక్టరప్ప ఏదో క్యాంపుకు పోయుండాడు, సాయంత్రానికి వస్తాడంట. ఏం జేసేదప్పా?"

నాకు తెలియదు. ఉన్నమాట అదే. ఫోను కోసం నిలబడ్డ లైన్లో నా వెనక డ్రైవరు ఉన్నాడు. నా ముఖం చూసి, "ఏమైంది?" అన్నాడు. చెప్పాను. ముందు, "పొర్లనివ్వద్దను. పేగు మెలి పడితే పోతుంది. లేపి నడిపించమను" అన్నాడు. తర్వాత, "ఏం తినిందో అడుగు."

"ఏం పెట్టినావత్తా?"

"రేష్మె పురుగులు తినంగా మిగిలిన ఆకు. ఆవులకు ఏస్తాము గదా, దీనికీ ఏస్తి. నిన్నటిది, రొంత బూజు పట్టుండె. ఆవులకు ఏమీ గాలే."

పట్టుపురుగును హిందీలో ఏమంటారో ఆ క్షణాన గుర్తు రాలేదు. "పురుగుల ఎంగిలి తినింది" అన్నాను. డ్రైవరు అడిగాడు, "మీ ఊర్లో గుర్రాలకు పురుగుల ఎంగిలి పెడతారా?"

ఇంతలో వైర్లెస్ ఆపరేటరు చెయ్యెత్తాడు. నా రెండు నిమిషాలు అయిపోయాయి.

వంటవాడు ముందుకు వచ్చాడు. "నావి కూడా వీడికే ఇవ్వు. మా ఆవిడకు చెప్పడానికి ఈ వారం నా దగ్గర ఏమీ లేదు." అబద్ధం. ఆయనకు కూతురు పుట్టి ఇంకా నెల కాలేదు. వెనకాల ఇంకో జవాను, "నావీ" అన్నాడు. సూబేదారు గడియారం చూసుకున్నాడు. మంచు ఎట్లుందో చూసొస్తానని బయటికి వెళ్ళాడు. ఆయన అంతసేపు మంచు చూడటం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

డ్రైవరు హిందీలో చెప్పడం, నేను తెలుగులో చెప్పడం. మేత తీసెయ్. నీళ్ళు ముందర పెట్టు. మెల్లగా నడిపించు, పరిగెత్తించొద్దు. పండుకుంటే లేపు. పొట్టకు చెవి పెట్టి విను, గుడగుడ వినిపిస్తే మంచిది. డాక్టరు వచ్చేదాకా వదలొద్దు.

"ఆయప్ప ఎవురు?" అంది అత్త.

"కంచరగాడిదల డ్రైవరు."

"చల్లగుండాల. నేను పోతా, నడిపిస్తా." ఫోను పెట్టేసింది.

ఆ వారం పొడుగ్గా సాగింది. మంచు పడింది, పార పట్టాము, గస్తీ తిరిగాము. వైర్లెస్‌లో పక్క పోస్టు ఆపరేటరు వాతావరణం అంతా చెప్పి, మాటలో మాటగా అడిగాడు.

"గుర్రం ఎట్లుంది? ఓవర్."

"తెలియదు. ఆదివారం తెలుస్తుంది. ఓవర్."

"సరే. ఇక్కడ అందరూ అడుగుతున్నారు. ఓవర్."

సూబేదారు విన్నాడు. వైర్లెస్‌లో గుర్రం మాట ఎత్తకూడదని ఆర్డరు వేశాడు. ఆదివారం తెలిసిన వెంటనే తనకు చెప్పాలని ఇంకో ఆర్డరు.

ఆదివారం లైన్లో నన్ను ముందుకు తోశారు.

"బతికుండాది" అంది అత్త. "నేనే నడిచి నడిచి సచ్చినా. ఊరంతా నాలుగు చుట్లు తిప్పినా. జనమంతా దేవుని మెరవణిగి మాదిరి గుర్రాన్ని ఊరేగిస్తాందనుకున్నారు. డాక్టరప్ప వచ్చి మందు పోసినాడు. నువ్వు నడిపించింది మంచిదయిందమ్మా అన్నాడు." మళ్ళీ అందుకుంది. "ఇంకోటి. అది చూలంట. ఆ చింతామణి పెండ్లి పని. నేను పొట్ట జూసి, బాగా తింటాంది అనుకుంటాండా."

హిందీలో చెప్పాను. వంటవాడు ఆ పూట హల్వా చేశాడు. కారణం అడిగితే చక్కెరకు గడ్డలు కడుతున్నాయన్నాడు.

ఆగస్టులో సర్వీసు ముగించుకొని దిగాను. ట్రంకు పెట్టెతో నేరుగా జంగమకోటెకు పోయాను. వాకిట్లో బెల్లమ్మ, పక్కన మూడు నెలల మగపిల్ల. బెల్లమ్మ నా చొక్కా వాసన చూసింది. జేబులో బన్ను లేదని తేల్చుకొని మేత వైపు తిరిగింది.

అత్త ముందే సిద్ధమై ఉంది. బెల్లమ్మను కడిగి, నుదుట కుంకం పెట్టింది. తాడు నా చేతికిచ్చింది.

"పాలి లెక్క ప్రకారం పిల్ల మాది, తల్లి నీది. పిల్ల రొంత పాలు మరిచేదాకా ఉంచుతావేమో అనుకుంటి. నీ ఇష్టమప్పా."

మంచం మీద మామ కప్పు వైపు చూస్తున్నాడు. బండి కాడి కింద రాయి పెట్టి ఉంది. ఆ పిల్ల బండి లాగాలంటే మూడేళ్ళు కావాలి. అంతదాకా ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో అత్త చెప్పలేదు.

"పాలి లెక్క ప్రకారం రెండో పిల్ల నాది గదా అత్తా" అన్నాను. "అది పుట్టనీ. అంతదాకా పాలి నడవాల్సిందే."

"అది ఎప్పుడు పుడుతుందో ఎవరికి తెలుసు?"

"తొందరేముంది?"

అత్త తాడు తీసుకుంది.

మరుసటి పొద్దున గూళ్ళ సంచుల మీద నన్నూ ఎక్కించుకొని శిడ్లఘట్టకు తోలింది. వాన వెలిసి రోడ్డు తడిగా ఉంది. రెండు వైపులా రేష్మె పురుగులకు మేపే మల్బరీ తోటలు. బెల్లమ్మ దుడుకు నడక, పక్కన తాడు లేకుండా పిల్ల. ముందుకు ఉరికిపోయి, ఆగి, తల్లి వచ్చేదాకా చూసి, మళ్ళీ ఉరుకుతుంది. కొండల్లో చూసినవి చాలా మరచిపోయాను. ఆ పిల్ల ఆగి వెనక్కి చూడటం ఒక్కటి మాత్రం పోలేదు.

సగం దారిలో అత్త తల తిప్పకుండానే అంది.

"నిజం చెప్తా అప్పా. నువ్వు తిరిగి రాకుంటే బాగుండునని రెండు మూడు తూర్లు అనుకుంటి."