కింది మంచం

షార్జాలో నేను దిగింది ఇల్లంటే ఇల్లు కాదు. ఆరుమందికి రెండు రూములు, ఒక వంటగది, ఒకే ఒక బాత్‌రూమ్. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో, గని కూలోళ్ళకు వరసగా కట్టిన మా లైను ఇల్లు దీనికన్నా చిన్నదే, అయినా అది మాది. ఇక్కడ గోడకు మేకు కొట్టాలన్నా ఒకర్ని అడగాల. సూపర్ మార్కెట్లో సామాన్లు సర్దే పనికి వచ్చినోణ్ణి, సంచి యాడ పెట్టాలో తెలీక వాకిట్లోనే నిలబడినా. పై మంచం నాకు చూపించినారు. కింది మంచం శ్రీకాకుళం వాడిది, నాకన్నా కొంచెం చిన్నోడు.

మొదట్లో నా జగడమంతా వాడితోనే. వంటింటి గట్లకు వేసే రాతి పలకలు మిషన్‌తో కోసే పని వాడిది. సాయంత్రం వస్తే కనుబొమ్మలు, చెవులు అంతా పిండి పూసినట్టు తెల్లగా ఉండేవి. అట్లే వచ్చి మంచం మీద పడేవాడు. నాకు ఒళ్ళు మండేది. మా తాత మైన్‌లో డ్రిల్లు పట్టినోడు. షిఫ్టు దిగి వస్తే అవ్వ గుడ్డలు బయటే విప్పించి, నీళ్ళు పోసినాకనే గడప దాటనిచ్చేది. నేనూ అట్లే, స్నానం కాకుండా రూములోకి రావద్దని అరిచినా. "ఏటన్నా, అత్తగారి లాగ" అని వాడు నవ్వినాడు. ఆ పొద్దు నుంచి ఆ ఇంట్లో అందరికీ నేను అత్తే.

వాడి దగ్గు సరిగ్గా విన్నాక అరిచేది మానేసినా. జలుబు దగ్గు కాదది, పొడి దగ్గు. మెట్లెక్కి వస్తే గోడ పట్టుకొని నిలబడేవాడు. మా తాత అట్లే దగ్గి దగ్గి, నేను బడికి పోయే కాలంలో, కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు. మా లైన్లల్లో ఆ దగ్గు లేని ఇల్లు లేదు. దానికి మాకు తెలిసిన మందు బెల్లం. షిఫ్టు దిగినోడికి ముందు బెల్లం గడ్డ, తర్వాతనే కాఫీ. గుండెల్లో దిగిన దుమ్మును బెల్లం తోసుకొని పోతాదని మావాళ్ళ నమ్మకం.

నేనూ అచ్చు బెల్లం కొనుక్కొచ్చి, వాడు స్నానం చేసి వస్తానే చేతిలో పెట్టేవాణ్ణి. ఇష్టంగా తినేవాడు. డాక్టరు దగ్గరికి పొమ్మంటే మాత్రం వినడు. ఎక్స్‌రేలో మచ్చ కనపడితే ఇంటికి పంపించేస్తారని భయం. ఊర్లో పెండ్లాం, ఇద్దరు బిడ్డలు వాడి జీతం మీదే బతకాల. బెల్లంతో తగ్గుతోందనేవాడు. తగ్గినట్టే నాకూ అనిపించేది. వీణ్ణి నేను కాపాడుతా ఉండానని లోపల గర్వం కూడా.

ఆ గర్వంతోనే ఒక సెలవు రోజు అవ్వకు ఫోన్ చేసి చెప్పినా. మెచ్చుకుంటాదనుకుంటే, తాత మాట ఎత్తింది.

"మీ తాత కూడా బెల్లం చాలన్నాడప్పా. ఆస్పత్రికి పోతే ఇంగ షాఫ్ట్ కిందికి, గనిలోకి దింపరని ఆయన భయం. నేనూ నమ్మి పెడతా పోయినా. నువ్వు ఆ బిడ్డను పిల్చుకొని పో."

కుక్క తోక పట్టుకొని గోదారి ఈదినట్టుంది బెల్లాన్ని నమ్ముకున్న నా పనీ, వాడి పనీ. మరుసటి రోజే వాణ్ణి లాక్కొని పోయినా. దోవంతా తిడతానే వచ్చినాడు. ఊపిరితిత్తులు రెండూ రాతి దుమ్ముతో గట్టిపడినాయన్నాడు డాక్టరు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలవాలంటే ఆ పని ఇప్పుడే మానాలన్నాడు.

వాడే పోయి, డాక్టరు మాట చెప్పి, వేరే పని ఇమ్మని కంపెనీలో అడిగినాడు. వేరే పని లేదు, ఊరికి పోను టికెట్ ఇస్తామన్నారు.

బ్యాగు సర్దుకుంటా, నా వైపు చూడకుండా అన్నాడు: "నువ్వు రాకముందు నాకు దగ్గే ఉండేదన్నా. ఇప్పుడు జబ్బుంది."

నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. నీ మంచికే కదరా అనుకున్నా. విమానాశ్రయానికి నన్ను రానీలేదు.

కింది మంచం నాకిచ్చినారు. పై మంచాలోళ్ళంతా దానికోసం కాచుకోనుంటే నాకు దొరికింది, అదృష్టవంతుణ్ణంట. కొన్నాళ్ళు ఆ మంచం మీద వీపు ఆనించబుద్ధి కాలేదు. తర్వాత అలవాటైపోయింది. ఇంట్లో కూడా అలవాటైపోయినా. వంటకు నా వంతు ఎప్పుడో, ఎవరి చెప్పులు యాడ విడవాలో ఇప్పుడు కొత్తోళ్ళకు నేనే చెప్తా ఉండా.

పోయిన నెల వాడికి ఫోన్ చేసినా. వెనకాల మిషన్ రొద. యాడుండావప్పా అనడిగితే, ఊరికి దగ్గర్లోనే గ్రానైటు కోసే చోట చేరినానన్నాడు.  డాక్టరు చెప్పింది మర్చిపోయినావా అని కేకలేసినా.

"నాకు ఇంకో పని రాదు కదన్నా," అన్నాడు. ఇంకేదో చెప్పబోయినాడు గాని దగ్గు అడ్డమొచ్చింది. అది ఆగేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకొని కూర్చున్నా.