పసుపు గుడ్డ చుట్టిన దీపం

ప్రొద్దుటూరులో మేం అద్దెకుంటున్న ఇంటి పక్కన పెళ్ళి జరుగుతోంది. పసుపు నీళ్ళలో ముంచిన బట్టలు తీగ మీద ఆరేశారు. ఆ వాసనకు అందరికీ పెళ్ళిళ్ళు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం మా అక్క పదో తరగతి చదివిన ఏడాది గుర్తొస్తుంది. ఇక ఆ రోజంతా ఏ పనీ చెయ్యబుద్ధి కాదు.

మాది జమ్మలమడుగుకు అవతల, ఊరికి కాస్త ఎడంగా, చర్చి చుట్టూ బండలతో కట్టుకున్న చిన్న పేట. పొద్దు గూకితే ముద్దనూరు వైపు ఆకాశం కరెంటు ఫ్యాక్టరీ దీపాలతో ఎర్రగా కనిపించేది. మాకు మాత్రం స్తంభాలు రాలేదు, ఎందుకంటే ఊళ్ళో తూర్పింటి వాళ్ళకూ పడమటింటి వాళ్ళకూ తరాల పగ. తమ చేలో స్తంభం నాటనిస్తే ఎదుటివాడి మనుషులకు వెలుతురిచ్చినట్టవుతుందని ఇద్దరూ ఒప్పుకోలేదు. ఎలక్షన్లొస్తే చెరొక జెండా పట్టుకుని కొట్టుకునేవాళ్ళు. మేం వెలుగుండగానే సంగటి, ఊరుబిండి పచ్చడి తినేసి, బండ మిద్దెల ఉడుకుకు లోపల ఉండలేక వాకిట్లో చాపలేసుకుని, కిరసనాయిలు బుడ్డి పొగకు ముక్కులు నల్లబడుతుంటే రాళ్ళాట ఆడుకుంటూ నిద్రకు ఒరిగేవాళ్ళం.

ఆ ఏడాది చర్చి వాళ్ళు పేద ఇళ్ళకని చవగ్గా సోలార్ దీపాలు తెప్పించారు. మిద్దె మీద పలక, మూలన బ్యాటరీ, గోడకు తెల్ల లైటు, అంతే. పంచేరోజు తూర్పింటి పెద్దాయన జెండా కట్టిన జీపులో దిగి, అన్నీ తన సొంత సొమ్మైనట్టు తన చేత్తో పంచిపోయాడు. పడమటింటి వాళ్ళకు భయపడి చాలామంది తీసుకోలేదు. మా నాయన పడమటింటి వాళ్ళ బండల గనిలో కూలికి పోయేవాడు. అయినా చర్చి ఇచ్చినదానికి పార్టీ ఏందిలే అనుకుని తెచ్చేశాడు, అమాయకుడు. అక్కకు టీచరు కావాలని పిచ్చి ఆశ. ఆ లైటు కింద ఆమె పుస్తకం వదిలేది కాదు, పేట పిల్లలంతా మా ఇంట్లోనే చేరేవాళ్ళు.

నెల తిరక్కుండానే, తెల్ల దీపం వెలిగే ఇల్లు తూర్పింటి పార్టీదన్న మాట ఊరంతా పాకింది. పార్టీ మారాడన్న అనుమానంతో అదే గనిలో పడమటింటి మనుషులు అంతకుముందే ఒకతని కాళ్ళు విరగ్గొట్టి ఉన్నారు. అప్పుడు నాయన పాత పంచెను మా అమ్మ చింపి, పసుపులో ముంచి ఆరబెట్టి, లైటు చుట్టూ కట్టింది. బయటినుంచి చూస్తే అచ్చం బుడ్డి వెలుతురే. వేడికి పసుపు వాసన ఇల్లంతా నిండేది, అక్క ఆ పచ్చటి వెలుగులోనే లెక్కలు చేసుకునేది. అమ్మ తెలివికి మేమంతా ఎంత మురిసిపోయామో.

శివరాత్రి దాటాక ఒక సాయంత్రం దుమ్ము గాలి లేచింది. పేటలో బుడ్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. మా కిటికీలో దీపం అట్లాగే ఉంది. అక్క లెక్కల్లో మునిగి ఉంది, మాకెవరికీ ఏమీ తట్టలేదు.

పొద్దున్నే గని మేస్త్రీ వచ్చి అరుగు మీద కూర్చుని, నీళ్ళడిగి తాగాడు. గొంతు పెంచే మనిషి కాదు.

"నిన్న గాలికి పేటంతా సీకటైపోయిందప్పా. మీ ఇంట్లో ఒక్కటే ఆరల్యా. అదేం బుడ్డి?"

మేస్త్రీ పోగానే నాయన మిద్దెక్కి పలక పీకాడు. పరీక్షలు అయ్యేదాకా ఉంచమని అక్క నిచ్చెన పట్టుకుని ఏడ్చింది.

"నేనుంటే కదమ్మా నువ్వు సదివేది," అని నాయన దాన్ని మోసుకుపోయి చర్చి గోడకు ఆనించి వచ్చాడు.

రేషన్ డీలరు పడమటింటి మనిషే. ఆ నెల నుంచి మాకు కిరసనాయిలు కూడా ఇవ్వలేదు. అక్క లెక్కల్లో తప్పింది. మళ్ళీ పరీక్షకు కట్టించే ధైర్యం నాయనకు లేకపోయింది, ఆమెను చెనిక్కాయలు ఒలిచే పనికి పంపాడు. నన్ను పులివెందుల హాస్టల్లో వేశారు కాబట్టి నేను చదువుకున్నాను.

జీపులు పోయాయి, బుడ్లు పోయాయి, పేటకు ఎప్పుడో కరెంటొచ్చింది. మొన్న నేను వెళ్ళినప్పుడు ఆ రెండిళ్ళ కొడుకులూ ఒకే పార్టీ కండువాలతో, ఒకే కారులో వచ్చి, ప్రతి మిద్దెకూ సోలార్ పెట్టిస్తామని నవ్వుతూ చెప్పిపోయారు. చెనిక్కాయల చేట ఒళ్ళో పెట్టుకుని అక్క ఆ కారు మలుపు తిరిగేదాకా చూసింది.

"ఈళ్ళు రాజీ అయినారు, సరే. నన్ను ఎవురన్నా అడిగినారా పాపా?" అంది.